ట్రైలర్‌ని అన్నిటికన్నా చివర్లో కొనండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డాలస్ పక్కన అద్దె ఇల్లు. మీకు హెచ్-1బి మీద రిమోట్ ఉద్యోగం, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది. మీ ఆవిడకు హెచ్-4 ఈఏడీ, అంటే మీ వీసా మీద ఆధారపడి పనిచేసుకునే అనుమతి, ఉంది. పిల్లలు తొమ్మిదేళ్లు, ఐదేళ్ల వాళ్లు. చేతిలో హాఫ్ టన్ ట్రక్, అంటే పికప్ ట్రక్కుల్లో తేలిక రకం. 33 అడుగుల బంక్‌హౌస్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించి లాగే, పిల్లలకి బంకు మంచాలున్న చక్రాల ఇల్లు) ఒకటి నచ్చింది, డీలర్ "మీ ట్రక్ హాయిగా లాగేస్తుంది" అన్నాడు, వచ్చే శనివారం అడ్వాన్స్ కడదామనుకుంటున్నారు. లీజు అయిపోగానే ఇల్లు ఖాళీ చేసి రెండేళ్లు దేశమంతా తిరగాలని ఆశ. చివర్లో "ఇది పిచ్చి పనా అక్కా?" అని అడిగారు.

పిచ్చి పని కాదు తమ్ముడూ. శనివారం అడ్వాన్స్ కట్టడం మాత్రం పిచ్చి పనే.

మేం నలుగురం మూడేళ్ల పైచిలుకు 27 అడుగుల ట్రావెల్ ట్రైలర్‌లోనే కాపురం చేశాం. పోయిన జూన్‌లో దిగి మళ్లీ ఇంట్లోకొచ్చాం. మా అబ్బాయి హైస్కూల్ మొదలుపెట్టాడు, అంతే కారణం. లేకపోతే ఇంకో ఏడాది ఉండేవాళ్లమేమో. ఈ మూడేళ్లలో మధ్యలో ఆపేసి ఇంటికెళ్లిపోయిన కుటుంబాలను చాలానే చూశాను. దాదాపు అందరూ ట్రైలర్ కొనడంతోనే మొదలుపెట్టారు. తర్వాత దానికి సరిపోయే ట్రక్కు, ఆ తర్వాత వాటికి సరిపోయే ఉద్యోగం వెతుక్కున్నారు. మీరు తిరగేసి చెయ్యండి. ముందు కాగితాలు, తర్వాత ట్రక్కు, ఎలా తిరగాలో లెక్క, అన్నీ అయ్యాక ట్రైలర్.

కాగితాల్లో మొదటిది వీసా. అమెరికన్ ఫ్యామిలీల వీడియోల్లో దీని ఊసే ఉండదు, వాళ్లకి ఆ బాధ లేదు కాబట్టి. హెచ్-1బి ఉద్యోగం ఎల్‌సీఏలో (కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి పెట్టే దరఖాస్తులో) రాసిన చోట చేయాల్సిన ఉద్యోగం. ఇంటి నుంచి పనిచేస్తుంటే ఆ ఇల్లే మీ వర్క్‌సైట్. ఆ మెట్రో ఏరియా దాటి ఇంకో చోట కూర్చుని పనిచేయాలంటే కొత్త ఎల్‌సీఏ, దాంతోపాటు అమెండ్‌మెంట్ పిటిషన్ కావాలి. 2015లో సిమియో కేసు నిర్ణయం వచ్చాక ఇందులో అనుమానానికి తావు లేదు. కొద్దిరోజులు వేరే చోట పనిచేయడానికి ఏడాదికి 30 పనిదినాల వెసులుబాటు ఉంది. అసలు ఊళ్లో పనిచేసే చోటూ ఇల్లూ రెండూ అలాగే ఉంచుకుంటే 60 దాకా వెళ్లొచ్చు. ఇల్లు ఖాళీ చేశాక ఆ 60 సంగతి మర్చిపోండి. నెలకో ఊరు మారుతుంటే నెలకో అమెండ్‌మెంట్ ఏ కంపెనీ వేస్తుంది?

ఐ-140 అప్రూవ్ అయినంత మాత్రాన ఈ రూల్ మారదు. ఐ-485 (గ్రీన్ కార్డుకి మనం వేసే చివరి దరఖాస్తు) ఫైల్ చేసి, దాని మీద వచ్చిన ఈఏడీతో పనిచేస్తుంటే కథ వేరు. మీ ఆవిడ హెచ్-4 ఈఏడీకి కూడా ఈ చోటు గొడవ లేదు. కానీ మీ స్టేటస్ మీదే వాళ్లందరి స్టేటస్ నిలబడింది కదా, అందుకని ఇందులో సాహసాలొద్దు. ల్యాప్‌టాప్ ఎక్కడ తెరిచామో ఎవరికి తెలుస్తుంది అనే వాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. రేపు గ్రీన్ కార్డు ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ఎదురైతే పక్కన కూర్చునేది వాళ్లు కాదు. మీ కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక్క ఈమెయిల్ పెట్టండి, ఈ వారమే. అడ్రస్ మారిన 10 రోజుల్లో ఏఆర్-11 (అడ్రస్ మార్పు ఫారం) వెయ్యాలన్న సంగతి కూడా మర్చిపోకండి. మేం బయల్దేరింది గ్రీన్ కార్డు చేతికొచ్చాకే.

మీ పరిస్థితిలో నేనైతే ఇల్లు అలాగే ఉంచుకుని, చిన్న ట్రైలర్‌తో వారాంతాలు సీడర్ హిల్, రే రాబర్ట్స్ లాంటి స్టేట్ పార్కులు తిరుగుతాను. ఏడాదికోసారి సెలవు పెట్టి మూడు వారాల ట్రిప్పు వేస్తాను. సెలవులో ఉన్నప్పుడు ఎక్కడున్నా ఎవరూ అడగరు. ఇది మీకు నిరాశగా ఉంటుందని తెలుసు. కింద రాసినవన్నీ దానికీ పనికొస్తాయి, రేపు ఐ-485 దాకా వచ్చాక పూర్తి కాపురానికీ పనికొస్తాయి.

మిగతా కాగితాల విషయంలో మీరు అదృష్టవంతులు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు. ఇలా తిరిగేవాళ్లు టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటాల్లోనే అడ్రస్ పెట్టుకునేది అందుకే. హ్యూస్టన్‌కి ఉత్తరాన లివింగ్‌స్టన్ అనే చిన్న ఊళ్లో ఎస్కేపీస్ అనే క్లబ్బు వాళ్ల మెయిల్ సర్వీసు ఉంది. మన ఉత్తరాలు వాళ్ల దగ్గరికి చేరతాయి, మనం ఎక్కడుంటే అక్కడికి మూటకట్టి పంపుతారు. అయితే టెక్సస్ అడ్రస్ ఉన్నంత మాత్రాన వేరే రాష్ట్రంలో పనిచేసినందుకు అక్కడి పన్ను తప్పదు. కొన్ని చోట్ల మొదటి రోజు నుంచే లెక్క. హెచ్‌ఆర్‌కి చెప్పకుండా తిరగొద్దు.

ఇక ట్రక్కు. "లాగేస్తుంది" అన్న డీలర్ అబద్ధం చెప్పలేదు, సగం నిజం చెప్పాడు. బ్రోషర్‌లో 11,000 పౌండ్లు లాగుతుందని ఉంటుంది, నిజంగానే లాగుతుంది. కానీ ట్రక్కుకి లాగే బరువు కన్నా మోసే బరువు ముందు అయిపోతుంది. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన పసుపు గీతల స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామాన్లూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని. హాఫ్ టన్ ట్రక్కుల్లో అది చాలావరకు 1,500 అటూ ఇటూ. మీ ట్రక్కులో ఎంతో ఇప్పుడే వెళ్లి చూడండి.

మీరు చూసిన సైజు బంక్‌హౌస్ సామాన్లు సర్దాక సులువుగా 9,000 పౌండ్లుంటుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాని ముందుభాగం నుంచి ట్రక్కు మీద పడాలి. అంతకన్నా తగ్గితే తోక ఊపినట్టు ఊగుతుంది. 13 శాతం వేసుకోండి, 1,170. ట్రక్కునీ ట్రైలర్‌నీ కలిపే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఓ 90. మీరిద్దరూ పిల్లలిద్దరూ కలిసి 415 అనుకుందాం. మొత్తం 1,675. ట్రక్కు వెనకాల ఒక్క సైకిల్ కూడా పెట్టకముందే 175 పౌండ్లు ఎక్కువ. ఆ హిచ్ పెడితే సరిపోతుందని కూడా డీలర్ అంటాడు. అది బరువుని అటూ ఇటూ సర్దుతుంది, అంతే. స్టిక్కర్ మీద అంకెను పెంచదు. 33 అడుగులదే కావాలంటే ఇంకా ఎక్కువ మోసే త్రీ క్వార్టర్ టన్ ట్రక్కు చూడండి. అందులోనూ డీజిల్ ఇంజనే బరువు కాబట్టి మోసే అంకె పెట్రోల్ దానికన్నా తగ్గుతుంది. లేదంటే 24 అడుగుల లోపు ట్రైలర్‌తో సర్దుకోండి.

ట్రైలర్‌కీ ఇలాంటి అంకె ఉంటుంది, అది మా నెత్తి మీదే పడింది. మొదటి వేసవి, ఫోర్ట్ స్టాక్టన్ దాటాక ఐ-10 మీద పోతున్నాం. ఎండ మండిపోతోంది. వెనకాల గోనెసంచి దులిపినట్టు ఒక చప్పుడు. అద్దంలో చూస్తే నల్లటి రబ్బరు పేలికలు ఎగురుతున్నాయి. పక్కకి తీసి చూస్తే టైరు పేలి, చీలికలు చక్రం పైన ఉన్న చెక్క నేలను చీల్చేశాయి. సరిగ్గా దాని పైన డైనింగ్ బెంచీ. బెంచీ కింద 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు రెండు. బెంచీ మూత ఎత్తితే కింద రోడ్డు కనపడుతోంది. ఒక బస్తా చిరిగి బియ్యం సన్నటి ధారగా కారిపోతోంది. మా చిన్నది "అమ్మా, మనం పోలు పోస్తున్నామా?" అంది. తలంబ్రాలని దాని భావం, ఈమధ్యే ఏదో పెళ్లి వీడియో చూసింది.

తర్వాత ఓ ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీద తూకం వేయిస్తే మా ట్రైలర్ ఉండాల్సినదానికన్నా 380 పౌండ్లు ఎక్కువుంది. ఎలాగంటే పిల్లల పుస్తకాలు, ఇనప పెనాలు, పచ్చళ్ల సీసాలు, పైగా "దారిలో నీళ్లు దొరక్కపోతే?" అని మా ఆయన నింపించిన ట్యాంకు. గ్యాలన్ నీళ్లు 8 పౌండ్ల పైనే. 50 గ్యాలన్లంటే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లని అదనంగా ఎక్కించినట్టు. టైర్లు చూడటానికి కొత్తగానే ఉన్నాయి కానీ తయారై ఏడేళ్లు. టైరు పక్కన డాట్ అక్షరాల చివర నాలుగు అంకెలు చూడండి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఐదారేళ్లు దాటితే అరగకపోయినా మార్చేయాలి. ప్రయాణం మొదలుపెట్టే ముందు తూకానికి అయ్యేది పదీ పదిహేను డాలర్లు. మాకు ఆ నేల బాగుచేయించడానికి ఎంతయిందో అడగకండి.

వంట సంగతి మీరు అడగలేదు, నేను చెప్పాల్సిందే. ఎందుకంటే మన ఇళ్లల్లో కరెంటు ఎంత వాడుతున్నామో ఎప్పుడూ లెక్క చూడం. చిన్న ట్రైలర్లకు 30 ఆంప్స్ కనెక్షన్ ఉంటుంది. పైన ఏసీ ఒక్కటే 13 దాకా తీసుకుంటుంది, గీజర్ కరెంటు మీద ఉంటే ఇంకో 12, ఇన్‌స్టంట్ పాట్ 9. మొత్తం 34. పప్పు ఉడకదు, టప్పున బ్రేకర్ పడుతుంది. ఎండలో బయటికెళ్లి, ట్రైలర్లు నిలిపే పార్కులోని కరెంటు స్తంభం దగ్గర మళ్లీ వేసి రావాలి. వారానికే అలవాటైపోయింది, వంట మొదలుపెట్టేముందు గీజర్‌ని గ్యాస్ మీదకు మార్చడం. 50 ఆంప్స్ కనెక్షన్ అంటే పేరుకి 50 కానీ, రెండు లైన్లు కాబట్టి 30 దానికన్నా మూడు రెట్లకు పైగా పవర్ వస్తుంది. పెద్ద ట్రైలర్ తీసుకుంటే అది ఉందో లేదో చూడండి. పార్కులో స్తంభానికి నేరుగా ప్లగ్ పెట్టొద్దు, మధ్యలో సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి.

పోపు లోపల పెడితే ఎండుమిర్చి ఘాటుకి స్మోక్ అలారం కూస్తుంది, పరుపులు వారం రోజులు ఇంగువ వాసన వేస్తాయి. బయట మడత బల్ల మీద చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకున్నాం. అక్కడే తాలింపులు, అక్కడే దోసెలు. దానివల్ల ఎంతమంది పరిచయమయ్యారో లెక్కలేదు. మినపట్టు వాసనకి మిషిగన్ ముసలాయన ఒకాయన ప్లేటు పట్టుకుని వచ్చేశాడు. ఒక్క జాగ్రత్త: చలికి వేడి కోసం వంట స్టవ్ వెలిగించి పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌తో ఆటలొద్దు. మాంటానా, వ్యోమింగ్ వైపు ఇండియన్ స్టోర్ మాట మర్చిపోండి. డెన్వర్‌లోనో సాల్ట్ లేక్ సిటీలోనో కరివేపాకు కొని ఫ్రీజర్‌లో పడేసుకోవాలి.

బాత్రూం. మనవాళ్లందరికీ ఈ అనుమానం ఉంటుంది, అడగడానికి మొహమాటం. నీళ్లు వాడుకోవచ్చా? నిక్షేపంగా. అసలు టాయిలెట్‌ది చేరే బ్లాక్ ట్యాంకుకి కావాల్సిందే నీళ్లు. నీళ్లు చాలకే అది గడ్డకట్టి అందరూ ఏడుస్తారు. కాకపోతే 30 గ్యాలన్ల ట్యాంకు నలుగురికి ఐదు రోజులు కూడా రాదు. నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న ఫుల్ హుకప్ సైట్‌లో ఉన్నా సరే, ఆ వాల్వు తెరిచి వదిలేయకండి. నీళ్లు పోయి గట్టిది అడుగున ఉండిపోతుంది. నిండనిచ్చి ఒక్కసారి వదలాలి, తర్వాత గ్రే ట్యాంకు సబ్బునీళ్లు వదిలితే గొట్టం కడిగినట్టవుతుంది. ఈ డ్యూటీ మా ఆయనది. మూడేళ్లలో నేనొక్కసారి చేశాను, ఆయనకి జ్వరం వచ్చినప్పుడు.

తిరిగే వేగం దగ్గర కొత్తవాళ్లు బాగా దెబ్బతింటారు. మేమూ మొదటి మూడు నెలల్లో తొమ్మిది రాష్ట్రాలు చుట్టేశాం. పిల్లలు చిరాకు, మా మధ్య గొడవలు, ఎక్కడ ఏం చూశామో గుర్తులేదు. తర్వాత ఒక్కో చోట మూడు నాలుగు వారాలు. నెల రేటు తీసుకుంటే ఖర్చు కూడా బాగా దిగుతుంది, కరెంటు బిల్లు మాత్రం విడిగా కట్టాలి. మా లెక్కలో స్థలానికి నెలకి 900 నుంచి 1,100 డాలర్లు. ట్రైలర్ లాగుతుంటే ట్రక్కు గ్యాలన్‌కి తొమ్మిది పది మైళ్లే ఇస్తుంది, కాబట్టి ఎంత తక్కువ కదిలితే అంత మిగులు. రిపేర్లకని నెలకి 300 పక్కన పెట్టేవాళ్లం, చాలని నెలలూ ఉన్నాయి. అద్దె మిగులుతుందని మాత్రం దీనిలోకి రాకండి.

చలికాలం దక్షిణానికి దిగిపోవాలి. అయితే అరిజోనాలో, టెక్సస్ రియో గ్రాండ్ వ్యాలీలో చాలా పార్కులు 55 ఏళ్లు దాటినవాళ్లకే. పిల్లలున్నారంటే రానివ్వరు. బుక్ చేసేముందు అడగండి. కొన్ని ప్రైవేటు పార్కులు పదేళ్లు దాటిన ట్రైలర్‌ని కూడా రానివ్వవు. బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) వాళ్ల ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల 14 రోజులు ఉచితంగా ఉండొచ్చు. కరెంటు, నీళ్లు ఉండవు, ఆకాశం మాత్రం ఉంటుంది.

నేషనల్ పార్కులు ట్రైలర్ కోసం కట్టినవి కావు. గ్లేషియర్‌లో గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగుల కన్నా పొడవు, అద్దాలతో కలిపి 8 అడుగుల కన్నా వెడల్పు ఉన్న బండి పోకూడదు. ట్రైలర్ ఎలాగూ కింద వదిలేయాలి. వెనక సామాన్ల తొట్టి (బెడ్) ఎనిమిది అడుగులున్న నాలుగు తలుపుల క్రూ క్యాబ్ అయితే ట్రక్కే 21 దాటిపోతుంది, ముందే టేపు పెట్టి కొలుచుకోండి. పిట్స్‌బర్గ్ వెళ్తే పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకోండి, ట్రైలర్ మాత్రం పార్కులో వదిలేసి వెళ్లండి. ఆ కొండదారిలో దాన్ని వెనక్కి తిప్పుకునే కష్టం పగవాడిక్కూడా వద్దు.

పిల్లల చదువుకి టెక్సస్ సులువు. 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు లీపర్ కేసులో హోమ్‌స్కూల్‌ని ప్రైవేటు స్కూలు కింద ఒప్పుకుంది. చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరసత్వం, ఈ ఐదూ నేర్పాలి. పరీక్షలు పెట్టరు. స్కూల్లో చేర్చి ఉంటే మాన్పిస్తున్నట్టు లెటర్ ఇవ్వాలి. వేరే రాష్ట్రంలో నెలల తరబడి ఉంటే అక్కడి రూల్ చూసుకోండి. మీ పెద్దాడు నాలుగో తరగతిలోకి రాగానే ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ పాస్ తీసుకోండి, ఆ ఏడాది నేషనల్ పార్కుల ఎంట్రీ మీ కారుకంతటికీ ఉచితం. వాడికి కావాల్సింది చదువు కన్నా స్నేహితులు. మావాడు రెండో ఏడు బాగా మూగగా అయిపోయాడు. అప్పట్నుంచి ఇలాగే తిరిగే ఇంకో రెండు కుటుంబాలతో కలిసి ఊళ్లు మారేవాళ్లం. ముందే అలా చేయాల్సింది.

ఇన్సూరెన్స్ రెండు ముక్కల్లో: ట్రైలర్‌కి మామూలు పాలసీ కాదు, అందులోనే కాపురం ఉండేవాళ్లకిచ్చే ఫుల్ టైమర్ పాలసీ కావాలి. ఆరోగ్యానికి మీ ప్లాన్ డాలస్ చుట్టుపక్కలే పనిచేసేది అయితే ఎమర్జెన్సీ తప్ప ఇంకేదీ బయట దొరకదు.

ఇవన్నీ కుదిరాక ట్రైలర్. కొత్తది వద్దు. కోవిడ్ తర్వాత జనం ఎగబడ్డారు, 2021లో ఫ్యాక్టరీల నుంచి 6 లక్షలకు పైగా ఆర్‌వీలు (ఇలాంటి ట్రైలర్లు, చక్రాల ఇళ్లు) బయటికొచ్చాయి. ఎక్కువ భాగం ఇండియానాలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారైనవే. ఆ హడావిడిలో బిగించినవాటి మీద నాకు నమ్మకం లేదు. కోవిడ్‌కి ముందు తయారైనది, ఒకే ఓనరు వాడినది వెతకండి. కొత్తదే అయితే వారంటీ కాగితం చదవండి, అందులోనే కాపురం ఉంటే వారంటీ చెల్లదని చాలా కంపెనీలు రాస్తాయి. పాతదాన్ని చూసేటప్పుడు ముందు ముక్కుకి పని చెప్పండి. తలుపు తీయగానే తడి చెక్క వాసన వస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి. మూలల్లో గోడని బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగితే లోపల కుళ్లినట్టే. నిచ్చెనెక్కి పైకప్పు మీద సీలెంట్ పగుళ్లు చూడండి. ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చే డబ్బుకి వెనకాడొద్దు.

మీ అమ్మానాన్నలు ఆరు నెలలకి వస్తే ఎలాగని అడిగారు. మా అత్తగారు, మామగారు వచ్చినప్పుడు నెల రేటు పార్కులో పక్కనే చిన్న క్యాబిన్ తీసుకున్నాం. మొదటి రాత్రి మామగారు కుర్చీ బయటేసుకుని కూర్చుని "లారీ డ్రైవర్లలా బతుకుతున్నారేంట్రా" అన్నారు. వెళ్లేముందు వారం, పొద్దున్నే లెవల్ చూసి జాక్‌లు తిప్పే పని ఆయనే చేసేవారు.

శనివారం లోపు ఒక పని చేయండి. ట్రక్కు తలుపు దగ్గర స్టిక్కర్ మీది అంకె, ఆ ట్రైలర్ స్టిక్కర్ మీది గరిష్ఠ బరువు, రెండూ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. లాయర్ ఏమన్నారో అదీ రాయండి. చూసి చెబుతాను.